పంచాంగం పట్టుకుని అండమాన్‌కు

అండమాన్ పోతున్నామంటే నల్లగొండలో ముసలోళ్లు ఒకప్పుడు "ఏం నేరం చేసిన్రు బిడ్డా?" అని నవ్వేవాళ్లు. వాళ్లకు తెలిసింది కాలాపానీ జైలు ఒక్కటే. ఇప్పుడు పెళ్లయిన నెలకే పిల్లలు శంషాబాద్‌లో విమానమెక్కి మధ్యాహ్నం భోజనం వేళకు అక్కడుంటున్నారు. మేమిద్దరం ఏళ్లతరబడి తిరిగిన ఆ దీవుల సంగతులు, అప్పటి సత్రాలు, ఇప్పటికీ పనికొచ్చే కిటుకులు ఒకచోట రాసి పెడదామని ఇది. మా ఇంటామెకు గుర్తున్నవి ఎక్కువ, రాసింది నేను.

మన మెట్ట ప్రాంతం వాళ్లకు పెద్ద నీళ్లంటే సాగర్, జూరాల, సోమశిల కాడి కృష్ణ. అక్కడ నీటిమట్టం గేట్లను బట్టి, వరదను బట్టి మారుతుంది. సముద్రం అట్ల కాదు. రోజుకు రెండుసార్లు పోటు (నీళ్లు ఎక్కడం), రెండుసార్లు ఆటు (నీళ్లు దిగడం). ఈ సంగతి తెలియకుండా బయల్దేరిన మనవాళ్లు "ఏముంది అక్కడ, ఉత్త రాళ్లు" అని తిరిగొస్తుంటారు. వింతలు ఉన్నచోటనే ఉంటాయి, కానీ వాటికి వేళ ఉంటుంది. ఆ వేళ గోడకు వేలాడే మన తెలుగు క్యాలెండర్‌లోనే సగం దొరుకుతుంది.

ముందు ప్రయాణం. పాతరోజుల్లో ఓడే దిక్కు. చెన్నై నుంచి సుమారు 1,190 కిలోమీటర్లు, విశాఖ నుంచి 1,200. తక్కువలో తక్కువ రెండున్నర రోజులు. ఓడ అడుగున బంకుల్లో పడక, గంట కొడితే అన్నం, ఇంజను వాసన. విశాఖ నుంచి నెలకు ఒకటో రెండో, తేదీ కూడా చివరిదాకా ఖాయం కాదు. ఓడలో పోతే ఒక లాభం ఉండేది: రేవులో దిగేసరికి కడుపు సముద్రానికి అలవాటుపడి ఉండేది. విమానంలో దిగి మర్నాడే పడవెక్కేవాళ్లకు ఆ అలవాటు లేదు, అందుకే వాంతులు.

ఇంకో సంగతి, గడియారం. పోర్ట్‌బ్లెయిర్ (2024 సెప్టెంబరు నుంచి శ్రీ విజయపురం) మనకన్నా దాదాపు పద్నాలుగు డిగ్రీల రేఖాంశం తూర్పున ఉంది. గడియారం మాత్రం మనదే. కాబట్టి చలికాలంలో తెల్లారడం మనకన్నా సుమారు గంట ముందు, పొద్దుగూకడం ముప్పావుగంట ముందు. డిసెంబరులో సాయంత్రం అయిదు దాటితే సూర్యుడు లేడు. "నాలుగింటికి టీ తాగి బీచ్‌కు పోదాం" అనుకుంటే చీకట్లో ఇసుక తొక్కడమే. అక్కడి జనం పొద్దున నాలుగున్నరకే లేస్తారు, రాత్రి ఎనిమిదికి దుకాణం కట్టేస్తారు. దానికి తగ్గట్టు లేవడం మొదటి రోజే మొదలుపెట్టాలి.

సత్రాల సంగతి చెప్పాలంటే చాలా ఉంది. ఇప్పుడు కనిపించే అద్దాల రిసార్టులు రాకముందు దీవుల్లో బస అంటే సర్కారు గెస్ట్‌హౌస్‌లే. పర్యాటక శాఖవాళ్లు వాటికి పక్షుల పేర్లు, నీటిజీవుల పేర్లు పెట్టారు. పోర్ట్‌బ్లెయిర్‌లో మెగాపోడ్ నెస్ట్, హావ్‌లాక్ దీవిలో (2018 చివర నుంచి స్వరాజ్ ద్వీప్) డాల్ఫిన్ రిసార్ట్, నీల్‌లో హవాబిల్ నెస్ట్, రంగత్ దగ్గర హాక్స్‌బిల్ నెస్ట్, దిగ్లీపూర్ పక్క కాలీపూర్‌లో టర్టిల్ రిసార్ట్. పబ్లిక్ వర్క్స్ వాళ్ల బంగళాలు, అటవీశాఖ రెస్ట్‌హౌస్‌లు వీటికి అదనం. ఆడంబరం ఉండేది కాదు. ఎత్తైన కప్పు, పెద్ద వరండా, దోమతెర, ఒక బకెట్టు, సముద్రం వైపు కుర్చీ. జాగా మాత్రం ఎప్పుడూ ఊళ్లోకెల్లా మంచిది, ఎందుకంటే మొదట కట్టినవాళ్లు ఎంచుకున్న చోటు అది. ఇప్పటికీ ధరకు, జాగాకు లెక్కేస్తే సర్కారు గదే నయం అని మా ఇద్దరి మాట. బాత్‌రూము టైల్స్ చూసి గది ఎంచుకునేవాళ్లకు నచ్చదు, అది వేరే.

ఆ బంగళాల్లో ఒక పద్ధతి ఉండేది. రాత్రి భోజనం కావాలంటే పొద్దున్నే కేర్‌టేకర్‌కు మంది లెక్క చెప్పాలి. మొండితనం కాదది. బియ్యం, పప్పు, ఉల్లిగడ్డ, గ్యాస్ సిలిండర్, ఆఖరుకు కరెంటు పుట్టించే డీజిల్ కూడా ఓడ మీద రావాలి. చేప తెల్లవారి పడవలో దొరికినంతే. లెక్క లేకుండా వండితే మిగిలింది పారబోయాలి, లేదా వచ్చినవాళ్లు పస్తుండాలి. ఇప్పుడు కూడా చిన్న దీవుల్లో ఈ లెక్క మారలేదు. రాత్రి తొమ్మిదికి వచ్చి "ఏమున్నయి?" అంటే మ్యాగీ ఉంటుంది.

గది తీసుకునేటప్పుడు చూడాల్సినవి మాకు మెల్లగా తెలిసొచ్చాయి. వెదురు గుడిసె అయితే గోడకు, కప్పుకు మధ్య గాలి ఆడే సందు ఉండాలి. అది లేని గుడిసెలో కరెంటు పోయిన రాత్రి ఉక్కకు నిద్ర రాదు. ఆకుకప్పు పాతదైతే వాన చినుకు మంచం మీదే. మధ్యాహ్నం పూట లోపలికెళ్లి తల పైకెత్తి చూస్తే వెలుతురు చుక్కలు కనిపిస్తాయి, అవే రేపటి ధారలు. దోమతెర వేలాడేస్తే సరిపోదు, అంచులు పరుపు కిందికి దోపాలి. గోడ మీద పచ్చగా మెరిసే బల్లి కనబడితే భయపడొద్దు, అది అండమాన్‌లో తప్ప వేరే ఎక్కడా ఉండని రకం, పగలు తిరుగుతుంది, పురుగుల్ని తింటుంది. కాయ ఉన్న కొబ్బరిచెట్టు కింద కట్టిన ఊయలలో పడుకోవద్దు. ఇది నవ్వులాటకు చెప్పడం లేదు, కాయ పడితే తల పగులుతుంది.

బావినీళ్లు కొన్నిచోట్ల ఉప్పగా ఉంటాయి, సబ్బు నురగ రాదు. మర్రిగూడ, నాంపల్లి దిక్కు బోరునీళ్లు వాడినవాళ్లకు ఇది కొత్త కాదు. తాగడానికి మాత్రం సీలు సీసా, లేకపోతే కాచినవి. గాలిలో తేమ ఎప్పుడూ ఎక్కువే కాబట్టి తడిబట్ట ఒక్కరోజులో ఆరదు. మందపాటి టర్కీ టవల్ తెచ్చుకుంటే అది వాసనపట్టి బరువై ఇంటికొస్తుంది. పల్చటి తువాలు రెండు చాలు. ఇంకొక కిటుకు: చాలాచోట్ల గది ఖాళీ చేయాల్సింది పొద్దున ఏడున్నర, ఎనిమిదికే. మన లాడ్జీల్లోలాగ ఇరవైనాలుగు గంటల లెక్క అడగొద్దు. పడవలు పొద్దున పోతాయి, కొత్తవాళ్లు మధ్యాహ్నం దిగుతారు.

దీవి నుంచి దీవికి పడవ. సర్కారు ఫెర్రీలు ఫీనిక్స్ బే రేవు నుంచి, ప్రైవేటు వేగపు పడవలు ఎక్కువగా హడ్డో నుంచి. టికెట్ మీద రేవు పేరు చూడకుండా ఆటో ఎక్కితే పడవ తప్పుతుంది. హావ్‌లాక్‌కు ప్రైవేటు పడవ సుమారు గంటన్నర, సర్కారుది రెండు, రెండున్నర గంటలు. కడుపు విషయంలో మా తీర్పు నెమ్మది పడవ వైపే. ప్రైవేటుదాంట్లో తలుపులేసిన ఏసీ గది, బయటకు చూపు ఆనదు. కన్ను కదలటం లేదంటుంది, చెవిలోపలి తూకం కదులుతున్నామంటుంది, ఆ గొడవే వాంతి. తెరిచిన డెక్ మీద నిలబడి ఆకాశం, నీళ్లు కలిసే గీతను చూస్తుంటే సగం తగ్గుతుంది. వికారం మాత్ర పడవెక్కాక వేసుకుంటే దండగ, అర్ధగంట, గంట ముందు పడాలి. నిద్రమత్తు వస్తుంది, తెలిసి వేసుకోవాలి. ఉత్త కడుపు మంచిది కాదు, పూరీలు అసలే వద్దు. రెండు ఇడ్లీలు, అల్లం ముక్క. సీటు పడవ మధ్యలో, కింది అంతస్తులో అడగండి, అక్కడ ఊపు తక్కువ. ఫిబ్రవరి, మార్చిలో సముద్రం చదునుగా ఉంటుంది. మే నడిమి నుంచి నైరుతి వానలు మొదలైతే పడవలు రద్దవుతాయి, ఏడాదికి పడే మూడు వేల మిల్లీమీటర్లలో పెద్దభాగం అప్పుడే. మన జిల్లా ఏడాది వాన అందులో నాలుగోవంతు ఉంటుందేమో.

ఇప్పుడు పంచాంగం. నీల్ దీవి (2018 చివర నుంచి షహీద్ ద్వీప్) లక్ష్మణ్‌పూర్ రెండో బీచ్‌లో రాతి వంతెన ఉంది. సముద్రం అలలతో పగడపు రాయిని కింద తొలిచి, పైన కమాను వదిలేసింది. అక్కడ స్థిరపడ్డ బెంగాలీలు దాన్ని హౌరా బ్రిడ్జి అని పిలిచేవాళ్లు. ఆ దీవిలో దాదాపు ఊళ్లన్నీ సీతాపూర్, భరత్‌పూర్, రామ్‌నగర్, లక్ష్మణ్‌పూర్. పటం చూస్తే రామాయణం పంచుకున్నట్టే ఉంటుంది. ఆ కమాను కిందికి నడిచి చేరాలంటే ఆటు ఉండాలి. పోటులో పోతే నీళ్లు, అల్లంత దూరాన ఒక రాయి, అంతే.

లెక్క ఇట్ల వేసుకోవాలి. ఒక ఆటుకు, తర్వాతి ఆటుకు మధ్య పన్నెండు గంటల పాతిక నిమిషాలు. అంటే ఆటు వేళ రోజురోజుకు దాదాపు యాభై నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది. ఈరోజు పొద్దున ఏడింటికి ఉంటే రేపు ఎనిమిదికి కొంచెం ఇటు. ఎంత లోతుకు దిగుతుందన్నది తిథిని బట్టి. అమావాస్య, పున్నమి నాడు సూర్యుడు, చంద్రుడు ఒకే గీతలో లాగుతారు కాబట్టి పోటు బాగా ఎక్కుతుంది, ఆటు బాగా దిగుతుంది. అసలు దిగుడు తిథి నాటికన్నా ఒకటి రెండు రోజుల తర్వాత, విదియ తదియల్లో ఎక్కువ. సప్తమి, అష్టమి దాటిన రోజుల్లో రెండూ ఒకదాన్నొకటి తగ్గించుకుంటాయి, నీళ్లు పెద్దగా దిగవు. ఆ రోజుల్లో వంతెనకు పోయి నిరాశపడ్డవాళ్లనే మేం ఎక్కువగా చూశాం. టైడ్ చార్టులో ఆటు ఎత్తు అర మీటరు కన్నా తక్కువ చూపిస్తే మంచిరోజు. రేవుల్లో, డైవింగ్ దుకాణాల్లో చార్టు అతికించి ఉంటుంది, ఫోన్లలోనూ దొరుకుతుంది. సర్వే ఆఫ్ ఇండియా వాళ్లు ఏటా ముందుగానే లెక్కలేసి అచ్చువేస్తారు కూడా.

ఆటుకు గంట ముందు నడక మొదలుపెట్టాలి. దారంతా చచ్చిన పగడపు రాయి, పాచి. హవాయి చెప్పులు జారతాయి, ఉత్త కాళ్లు కోసుకుంటాయి, వెనక పట్టీ ఉన్న రబ్బరు చెప్పులు కావాలి. చీర, పంచె మోకాలి పైకి దోపుకోవాల్సిందే. రాళ్ల సందుల్లో నిలిచిన గుంటలే అసలు చూడాల్సినవి: సముద్రపు దోసకాయలు, నక్షత్రచేపలు, పెదవులు నీలంగా మెరిసే ఆల్చిప్పలు. చేత్తో తీయొద్దు, రాయి తిరగేయొద్దు. అడుగు ఇసుకమీదనో, చచ్చిన రాయి మీదనో వేయాలి. రంగున్నది బతికుంది, తొక్కితే చస్తుంది. ఆటు అయిపోయి గుంటల్లోకి నీళ్లు మళ్లీ పాకుతున్నప్పుడే వెనక్కి తిరగాలి. ఫొటో ఒక్కటి, ఇంకొక్కటి అని ఆగితే తిరుగుదారి మోకాలి లోతవుతుంది, జారుడు రాయి కంటికి కనబడదు.

అదే అమావాస్య హావ్‌లాక్‌లో ఇంకో వింత చూపిస్తుంది. చీకటి రాత్రి నీళ్లలో చెయ్యి తిప్పితే నీలంగా వెలుగు. కంటికి ఆనని సూక్ష్మజీవులు, కదిలిస్తే వెలుగుతాయి. వెన్నెల రాత్రుల్లో ఇది కనబడదు, పున్నమికి డబ్బులు కట్టి పడవెక్కడం వృథా. వంతెన, ఈ వెలుగు రెండూ కావాలనుకునేవాళ్లు అమావాస్య నుంచి తదియ వరకు నాలుగురోజులు దీవుల్లో ఉండేట్టు టికెట్లు తీసుకోవాలి. "అమావాస్య నాడు ప్రయాణమా" అని ఇంట్లో అడిగితే ఒకరోజు ముందే బయల్దేరండి, గొడవ లేదు.

సున్నపురాయి గుహ ఉన్న బారాటాంగ్ దీవి దారి వేరే లెక్క. పోర్ట్‌బ్లెయిర్ నుంచి దాదాపు వంద కిలోమీటర్లు. మధ్యలో జిర్కాటాంగ్ చెక్‌పోస్టు, అక్కడి నుంచి జారవా ఆదివాసుల అడవి. బండ్లన్నీ వరుసకట్టి పోలీసు కాపలాతో కాన్వాయ్‌గా వదులుతారు. మొదటిది పొద్దున ఆరింటికి, దానికి పోర్ట్‌బ్లెయిర్‌లో మూడింటికల్లా బయల్దేరాలి. రెండో కాన్వాయ్‌లో పోతే గుహ చూసి తిరుగు కాన్వాయ్ అందుకోవడం ఉరుకులాటే. ఫారం, గుర్తింపు కార్డు జిరాక్సు ముందురోజే డ్రైవరుకు ఇచ్చి పెట్టాలి. అడవిలో ఆగొద్దు, ఓవర్‌టేక్ లేదు, నలభైకి మించి పోవద్దు, ఫొటో తీయొద్దు, తినేది విసరొద్దు. ఇవన్నీ 1956 నాటి ఆదివాసుల రక్షణ చట్టం కింద వచ్చినవి. వాళ్లు రోడ్డు పక్కన కనబడితే చూపు తిప్పుకోవడమే మర్యాద. జారవాలను చూడ్డానికే ఈ దారి పట్టేవాళ్లున్నారు, అట్లాంటివాళ్లు పోకపోవడం మేలు. ఒకరి ఇంటి మధ్యలోంచి రోడ్డు వేసుకుని పోతున్నాం, అంతే తెలిస్తే చాలు.

మిడిల్ స్ట్రెయిట్ దగ్గర బండితో సహా పెద్ద ఫెర్రీలో అవతలికి. అక్కడ లైఫ్ జాకెట్ కట్టుకుని చిన్న పడవ, అర్ధగంట. చివర్లో మడచెట్ల కొమ్మలు రెండువైపుల నుంచి కలిసి కప్పువేసిన కాలువ. బురద నీళ్ల అంచున మొసళ్లుంటాయని బోర్డులుంటాయి, చెయ్యి నీళ్లలో వేలాడేయొద్దు. దిగాక పొలాల గట్ల మీద ఒకటింపావు కిలోమీటరు నడిస్తే సున్నపురాయి గుహ.

వాడపల్లి, మట్టంపల్లి, హుజూర్‌నగర్ సిమెంటు ఫ్యాక్టరీలు నమిలేది కూడా సున్నపురాయే. మన దగ్గర ఆ రాయి లారీ ఎక్కుతుంది, అక్కడ అదే రాయి నుంచి గుహ తయారైంది. వాన నీళ్లు గాలిలోంచి, మట్టిలోంచి బొగ్గుపులుసు వాయువు కలుపుకుని కొంచెం పుల్లబడి రాయిని కరిగిస్తాయి. కప్పునుంచి చుక్క కారేటప్పుడు ఆ వాయువు ఎగిరిపోతుంది, కరిగిన సున్నం పొరగా మిగులుతుంది. పైనుంచి ఊడలు, కిందినుంచి దిబ్బలు. పెరుగుదల వందేళ్లకు ఒక సెంటీమీటరు అటూ ఇటూ. చెయ్యి తగిలితే చర్మం జిడ్డు అంటి అక్కడ పొర పట్టదు, నల్లబడుతుంది. మనిషి ఎత్తులో ఉన్నవన్నీ నల్లగా, పైనవి తెల్లగా ఉండటానికి కారణం అదే. లోపల దీపాల్లేవు, టార్చి మీదే. ఫోను వెలుగు కప్పుదాకా ఆనదు. నీళ్లు కారుతున్న ఊడ, ఎండిన ఊడ పక్కపక్కన చూస్తే ఏది పెరుగుతోందో తెలుస్తుంది.

అదే బారాటాంగ్‌లో బురద అగ్నిపర్వతం. పేరు పెద్దది, చూపు చిన్నది. ఉడికే గటక కుండలో బుడగల్లాగ బూడిదరంగు బురద తుకతుకమంటుంది, కానీ చల్లగా ఉంటుంది. లోతున కుళ్లిన పదార్థం నుంచి పుట్టే వాయువు బురదను పైకి నెడుతుంది. సమయం తక్కువైతే దీన్ని వదిలేసి గుహలో ఇంకో అర్ధగంట ఉండండి. అసలు అగ్నిపర్వతం బ్యారెన్ దీవి, పోర్ట్‌బ్లెయిర్‌కు ఈశాన్యంగా 138 కిలోమీటర్లు. చాలాకాలం నిద్రపోయి 1991లో మళ్లీ లేచింది. దిగనివ్వరు, ఓడ మీంచి చూపే.

మారినవి చాలా ఉన్నాయి. 2004 సునామీ నాటి భూకంపానికి ఉత్తర అండమాన్ ఒడ్డు పైకి లేచింది, పోర్ట్‌బ్లెయిర్ వైపు దిగింది. ఊరి బయట సిప్పీఘాట్‌లో వరి పండిన మళ్లు ఇప్పుడు సముద్రపు నీళ్లు. హావ్‌లాక్ ఎలిఫెంట్ బీచ్‌లో ఒడ్డున పడున్న మొద్దులు కూడా అప్పటివే. 2010 వేసవిలో నీళ్లు వేడెక్కి పగడాలు తెల్లబడ్డాయి. ముందు చూసినవాళ్లకు ఎలిఫెంట్ బీచ్ రంగులు సగమే. మొదటిసారి చూసేవాళ్లకు మాత్రం ఇప్పటికీ నోట మాట రాదు, కాబట్టి ఆ లెక్క మాలో మేమే చెప్పుకుంటాం. 2020 ఆగస్టులో సముద్రం అడుగు కేబుల్ వచ్చేదాకా హావ్‌లాక్‌లో ఫోను ఉత్త గడియారమే. అప్పుడు నగదు మూటగట్టుకుని పోయేవాళ్లం. ఇప్పటికీ కొంత ఉంచుకోండి, తుపాను రోజున యంత్రాలు పనిచేయవు.

దిగ్లీపూర్ దాకా పోయే ఓపిక ఉన్నవాళ్లకు ఒక్క మాట. రోడ్డు మీద పొద్దంతా పడుతుంది, రెండు రాత్రులు ఉండకపోతే పోవద్దు. ఆటులో రాస్, స్మిత్ దీవుల మధ్య ఇసుక తిన్నె తేలుతుంది, పైన చెప్పిన తిథి లెక్కే. కాలీపూర్ ఒడ్డుకు డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు రాత్రిళ్లు తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. నాలుగు రకాలు వచ్చే అరుదైన ఒడ్డు. తెల్ల టార్చి వేయొద్దు, ఫ్లాష్ కొట్టొద్దు. వెలుగు చూస్తే తల్లి గుడ్లు పెట్టకుండానే నీళ్లలోకి తిరిగిపోతుంది.

భాష సమస్యే లేదు. 2011 లెక్కల్లో అక్కడ వందకు పదముగ్గురు తెలుగువాళ్లు, ఎక్కువమంది శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి పోయినవాళ్లు. "ఎక్కడోళ్లు?" అని అడిగితే నల్లగొండ అంటే హైదరాబాద్ అని సరిచేసుకుంటారు. తిండికి బెంగాలీ చేపలపులుసు, అన్నం బాగుంటుంది. సకినాలు, గారప్పలు చేతిసంచిలో పడవ కోసం ఉంచుకోండి. మామిడికాయ తొక్కు సీసా మాత్రం లగేజీలో వేయండి, నూనె అని చేతిసంచిలోంచి తీసేస్తారు. ఇసుక ఈగలు కంటికి కనబడవు, మర్నాడు దద్దులు వస్తాయి. పొద్దున, సాయంత్రం తడి ఇసుకలో నేరుగా కూర్చోవడం వల్లే ఎక్కువ. కాళ్లకు కొబ్బరినూనె మందంగా రాస్తే పురుగు నిలవదు. కుట్టాక గోకితే పుండవుతుంది.

తిరుగు ప్రయాణం ముందురోజు పోర్ట్‌బ్లెయిర్‌లోనే ఉండాలి. హావ్‌లాక్ నుంచి పొద్దున పడవ, మధ్యాహ్నం విమానం అని కుదిర్చిన ప్లాన్ గాలి లేస్తే గోవిందా. డైవింగ్ చేసినవాళ్లు విమానానికి ముందు ఇరవైనాలుగు గంటలు ఆగాలి, రక్తంలో కరిగిన నత్రజని ఎత్తుకు పోతే బుడగలు కడుతుంది. ఆ ఖాళీ పూట పోర్ట్‌బ్లెయిర్ ఎదుటి రాస్ దీవికి (ఇప్పుడు నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీప్; దిగ్లీపూర్ పక్క రాస్ వేరు) పోవచ్చు. బ్రిటిష్ బంగళాల ఇటుక గోడల్ని మర్రిజాతి వేళ్లు పట్టుకుని నిలబెడుతున్నాయి, పిల్లలమర్రి చూసి పెరిగినవాళ్లకు అక్కడ కాసేపు కూర్చోబుద్ధవుతుంది. సంచి సర్దేటప్పుడు పిల్లల జేబులు కూడా వెతకండి. బీచ్‌లో ఏరిన పగడపు ముక్క చచ్చినదైనా వన్యప్రాణి చట్టం కిందకే వస్తుంది, ఎయిర్‌పోర్టు స్కానర్‌లో కనబడుతుంది.